క్రొత్త కారు – మసక దీపము

చీకటిలో దారిని బోవువానికి దీపము రెండవ కన్ను వంటిది. మన కన్ను మసకబారినచో వైద్యుని యొద్దకు పోయి, లోపమెక్కడ నున్నదో ముందుగా పరీక్ష చేయించుకొందుము. పరీక్ష లేకయే అంగడిలో మెఱయుచున్న కళ్లజోడొకటి కొని పెట్టుకొనము. కాని కారు దీపము మసకగా నున్నప్పుడు అనేకులు చేయునది ఈ రెండవ పనియే. పరీక్ష లేకయే బల్బు కొందురు. ఇట్టి పొరపాటు మా యింటను జరుగబోయి తప్పినది. ఆ కథయు, దానివలన మేము నేర్చుకొనిన భౌతికశాస్త్ర పాఠమును విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును ఉపయోగపడునని తలచి యిచట వ్రాయుచున్నాను.

గత సంవత్సరము డిసెంబరు నెలలో మా అన్నగారు క్రొత్త కారు కొనిరి. అది యే కర్మాగారమున తయారైనదో మనకక్కఱలేదు. ఈ లోపము ఒక్క కర్మాగారమునకు చెందినది కాదు. ఆయనయు నేనును నరసరావుపేటలో మా అక్కగారి యింట శుభకార్యమును ముగించుకొని గుంటూరునకు తిరిగి వచ్చుచుంటిమి. రాత్రి యెనిమిది గంటలు దాటెను. ఎదుటనుండి లారీ యొకటి వచ్చుచుండుటచే అన్నగారు దీపములను దించి, దాని వెలుగునకు కన్నులు మిఱుమిట్లు గొనగా, వేగమును గంటకు 35 కిలోమీటర్లకు తగ్గించిరి. లారీ దాటిపోయెను. మఱుక్షణమున రోడ్డు ఎడమ యంచున నల్లని గేదెయు, దాని పలుపు పట్టుకొని నడచుచున్న బాలుడును కనబడిరి. అన్నగారు బ్రేకును బలముగా నొక్కిరి. కారు నిలిచెను. దిగి చూడగా గేదెకును కారునకును నడుమ బారెడు చోటు మాత్రమే యుండెను. బాలునికి పదునొకండేండ్లుండును. వాడు కన్నులకు చేయి యడ్డము పెట్టుకొని, “తప్పయిపోయిందండీ” అనెను. “తప్పు నీది కాదు నాయనా” అని అన్నగారు వాని భుజము తట్టిరి. కాని యింటికి చేరువఱకు ఆయన మఱి మాటాడలేదు.

మఱునాడుదయముననే ఆయన కారు సామానుల దుకాణమునకు పోయి వచ్చిరి. “తమ్ముడూ, నూఱు వాట్ల బల్బు వేయుమని యొకరు చెప్పుచున్నారు; నీలికాంతి నిచ్చు తెల్లని బల్బు మేలని మఱియొకరు చెప్పుచున్నారు. నీవు సైన్సు చెప్పువాడవు గదా, ఏది మంచిది?” అని నన్నడిగిరి. “అన్నయ్యా, ముందు కొలుతము, తరువాత కొందము” అంటిని.

దీపపు నిర్మాణము

కొలతకు ముందు దీపమెట్లు పనిచేయునో తెలియవలెను. 1898లోనే అమెరికాలో కొలంబియా యను విద్యుచ్ఛకటమునకు విద్యుద్దీపములు అమర్చబడెను. అయినను కార్బైడును నీటితో కలుపగా పుట్టు ఎసిటిలీను వాయుదీపములే అటుపిమ్మట చాలకాలము వాడుకలో నుండెను. 1912లో కాడిలాక్ కారులో విద్యుత్ స్టార్టరును విద్యుద్దీపములును ఒక్క యేర్పాటుగా వచ్చెను. 1962లో ఐరోపాలో హాలొజెను బల్బు కార్లకు వచ్చెను. 1971లో, ఒక్క బల్బులోనే రెండు తంతువులు గల హెచ్-4 అను రకము వచ్చెను. 1991లో జెనాన్ దీపములును, 2007లో ఎల్.ఇ.డి. దీపములును కార్ల యందు కనబడసాగెను. మా అన్నగారి కారులో నున్నది హెచ్-4 బల్బే. ఎత్తిన కాంతికి 60 వాట్లు, దించిన కాంతికి 55 వాట్లు దాని శక్తి.

బల్బు వెనుక గిన్నెవలె లోతైన దర్పణము కలదు. దానికి పరావర్తకమని పేరు. దాని వంపు పరావలయమను వక్రరేఖనుండి పుట్టినది. పరావలయమునకు నాభి యను స్థానమొకటి కలదు. నాభియందు పుట్టిన కిరణము దర్పణమున నెచట తగిలినను, తిరిగి సమాంతరముగా ముందునకు పోవును. ఎత్తిన కాంతి నిచ్చు తంతువు ఈ నాభియందే యుండును. అందుచేత దాని వెలుగు దూరమునకు పోవును. దించిన కాంతి నిచ్చు తంతువు నాభికి కొంచెము ముందుగా నుండును. దాని కిరణములు దర్పణపు పైసగమున తగిలి క్రిందికి వంగును. క్రిందిసగమున తగిలినవి పైకి లేచి, ఎదుటివాని కంటబడవలసియుండును. కాని అటుల జరుగకుండ తంతువు క్రింద చిన్న లోహపు దొప్ప యొకటి అమర్చబడి యున్నది. మన దేశమున బండ్లు ఎడమ ప్రక్కను నడచును గనుక, ఆ దొప్ప అంచును ఒక ప్రక్క 15 డిగ్రీలు వంచి, ఎడమ యంచున నడచువారిమీద మాత్రము వెలుగు కొంత యెత్తుగా పడునట్లు చేసియుందురు. కుడి ప్రక్కను నడచు దేశములకై చేసిన దీపమును ఇచట పెట్టినచో ఆ యెత్తైన వెలుగు తిన్నగా ఎదుటివాని ముఖమున పడును.

దించిన కాంతిని గోడపై చూచినచో, పైన చీకటియు క్రింద వెలుగును, వాని నడుమ కత్తితో కోసినట్టి గీతయు కనబడును. ఈ సరిహద్దు గీతయే మన పాఠమునకు మూలము.

గోడ పరీక్ష

ఒక శనివారము సాయంకాలము కారును మా పాఠశాల ఆవరణమునకు తెచ్చితిమి. పదవ తరగతి విద్యార్థులు సుద్దముక్కలతోను కొలత టేపుతోను సిద్ధముగా నుండిరి. నేల సమముగా నున్న చోటు చూచి, చక్రములలో గాలి సరిగా నున్నదో లేదో పరీక్షించి, డ్రైవరు స్థానమున అన్నగారిని మాత్రము కూర్చుండబెట్టితిమి. బరువు వెనుకనున్నచో కారు ముక్కు పైకి లేచి కొలత తప్పును. నేలనుండి దీపము నడిమికి ఎత్తు 65 సెంటీమీటర్లుండెను. గోడపై అదే యెత్తున ఒక గీత గీచి, కారును గోడకు తిన్నగా 10 మీటర్ల దూరమున నిలిపితిమి.

దీపము ఎంత క్రిందికి వంగవలెనో అనేక కార్లలో దీపమునకు చేరువనో, ఇంజనుగదిలోని పలకపైననో నూటికి ఇంత యని వ్రాసియుండును. మా కారులో నూటికి 1 అని యుండెను. అనగా 10 మీటర్లకు 10 సెంటీమీటర్లు. కావున సరిహద్దు గీత గోడపై 55 సెంటీమీటర్ల యెత్తున పడవలెను. దీపము వెలిగింపగా అది 38 సెంటీమీటర్ల యెత్తున పడెను. పదికి బదులు 27 సెంటీమీటర్లు దిగియున్నది!

ఇచట గణితము సాయపడును. సరూప త్రిభుజముల పాఠమును జ్ఞాపకము తెచ్చుకొనుడు. 10 మీటర్లలో 27 సెంటీమీటర్లు దిగు కిరణము, 65 సెంటీమీటర్లు దిగి నేలను తాకుటకు ఎంత దూరము పోవును? సుమారు 24 మీటర్లు. సరిగా నున్నచో ఎంత పోవును? 65 మీటర్లు. బల్బు మంచిదే, దాని కాంతియు చాలినంతయే. కాని ఆ కాంతి యంతయు కారు ముక్కు క్రిందనే పడి వ్యర్థమగుచుండెను.

కారణము వెదకితిమి. అన్నగారి కుడిచేతి ప్రక్కన, స్టీరింగు చక్రమునకు దిగువ, 0 మొదలు 3 వఱకు అంకెలు గల చిన్న చక్రమొకటి యుండెను. బరువు వెనుక నింపినప్పుడు దీపములు పైకి లేవకుండ వానిని దించుటకై అది యున్నది. అది 2 వద్ద నుండెను. ఆయన దానిని ఎన్నడును ముట్టలేదు; అది యేమియో కూడ ఎఱుగరు. దానిని 0 వద్దకు త్రిప్పగా సరిహద్దు గీత పైకి జరిగి, దిగుడు 18 సెంటీమీటర్లాయెను. అనగా 36 మీటర్ల చూపు. మిగిలిన లోపమును దీపము వెనుకనున్న మరను స్క్రూడ్రైవరుతో మెల్లమెల్లగా త్రిప్పి సవరించితిమి. గీత 55 సెంటీమీటర్ల యెత్తునకు వచ్చెను. ఖర్చు ఏమియు కాలేదు. విద్యార్థులు చప్పట్లు కొట్టిరి.

ఒక హెచ్చరిక: పది సెంటీమీటర్ల దిగుడుతో ఇంత మేలు కలిగినది గదా, ఇంకను ఎత్తుద మని తలపరాదు. గీత సమతలమునకు వచ్చినచో ఎదుటివాని కన్నులు చెదరును. దించిన దీపము ఎదుటివారి కన్నులకు మిఱుమిట్లు గొలుపరాదని 1989వ సంవత్సరపు కేంద్ర మోటారు వాహనముల నియమములును విధించుచున్నవి.

చూపు – నిలుపు

చూపు దూరము ఎంత యుండవలెనో తెలియుటకు నిలుపు దూరము తెలియవలెను. ప్రమాదమును చూచి బ్రేకు నొక్కుటకు ఒకటిన్నర సెకను పట్టుననుకొందము. ఆ వ్యవధిలో కారు పూర్వపు వేగముతోనే పోవును. పిదప పొడి రోడ్డుపై బ్రేకు, సెకనునకు సెకనునకు 6 మీటర్ల చొప్పున వేగమును తగ్గించుననుకొందము. ఈ లెక్కను గంటకు 35 కిలోమీటర్ల వేగమునకు నిలుపు దూరము ఇరువదిరెండున్నర మీటర్లు. 50కి 37 మీటర్లు. 60కి 48 మీటర్లు. 80కి 74 మీటర్లు.

చదువరులారా, ఇప్పుడా రాత్రిని తలచుకొనుడు. మా చూపు 24 మీటర్లు. మా వేగము 35. మిగిలినది ఒకటిన్నర మీటరు. ఆ బారెడు చోటు లెక్కలో ఇట్లు తేలినది. లారీ వెలుగునకు వెఱచి అన్నగారు వేగము తగ్గింపకపోయినచో, 50 వేగమున వచ్చియున్నచో, ఆ బాలుని సంగతి యేమగును? నల్లబల్లపై ఈ లెక్క ముగిసినప్పుడు తరగతిలో ఎవ్వరును మాటాడలేదు.

విద్యుచ్ఛక్తి సంగతి

గుఱి సరియైన పిదప కాంతి పరిమాణమును చూడవలెను. హాలొజెను బల్బు కాంతి వోల్టేజి ననుసరించి యుండును. కాని సమముగా గాక, సుమారు 3.4వ ఘాతము చొప్పున మాఱును. వోల్టేజి నూటికి 5 తగ్గినచో కాంతి నూటికి 16 తగ్గును; వోల్టేజి నూటికి 10 తగ్గినచో కాంతి నూటికి 30 తగ్గును.

ఇంజను నడచుచుండగా, దీపములు వెలుగుచుండగా, మా కారు బ్యాటరీ వద్ద 13.8 వోల్టులును, బల్బు వద్ద 13.1 వోల్టులును ఉండెను. నడుమ 0.7 వోల్టు తీగెలలో నశించినది. అనగా నూటికి 5 వంతుల వోల్టేజియు, 16 వంతుల కాంతియు పోయినవి. కారు అమ్మినవారి పనిశాలలోని మేస్త్రి వెదకి, ఎర్తు తీగె బిగించిన చోట రంగు అడ్డుపడి యున్నదని కనుగొని, దానిని గీచి శుభ్రపఱచి బిగించెను. వోల్టేజి 13.5 ఆయెను. పాత కార్లలో సన్నని తీగెలవలన ఇంతకంటె ఎక్కువ నష్టము కలుగును. అట్టి వానికి రిలే యను సాధనమును ఫ్యూజుతో సహా అమర్చి, బ్యాటరీనుండి లావు తీగెను తిన్నగా దీపమునకు తెచ్చుట మంచి యుపాయము. కాని క్రొత్త కార్లలో దీపములను కంప్యూటరు నడపుచుండుట కలదు. వాని తీగెలను కోసినచో హామీయు పోవచ్చును. కావున అట్టి పనిని తెలిసినవారిచేతనే చేయింపవలెను.

చేయదగని పనులు

ఇక దుకాణదారుల సలహాలను విచారింతము. మొదటిది నూఱు వాట్ల బల్బు. 55 వాట్ల బల్బు 12 వోల్టుల వద్ద సుమారు 4.6 ఆంపియర్లను తీసికొనును. నూఱు వాట్లది 8.3 ఆంపియర్లను తీసికొనును. ఆ ప్రవాహమునకు తగిన లావు తీగెలు లేవు. తీగె వేడెక్కును, ప్లాస్టిక్కు గూడు కరుగును, దర్పణపు మెఱుగు మాడును. ఇంత చేసినను లాభమెంత? కాంతి దూరము యొక్క వర్గముననుసరించి పలుచబడును. రెండింతల దూరమున నాల్గవ వంతే మిగులును. కావున కాంతిని రెట్టింపు చేసినను చూపు సుమారు 1.4 రెట్లే పెరుగును. గుఱి తప్పియున్నచో ఆ పాటి లాభమును లేదు. అధికమైన కాంతి యంతయు ముక్కు క్రిందనే పడును. దగ్గఱి నేల మిక్కిలి వెలిగినచో కంటిపాప కుంచించుకొని దూరపు వస్తువు ఇంకను కనబడకపోవును.

రెండవది నీలికాంతి బల్బు. దాని గాజుపైనున్న నీలిపూత ఇతర వర్ణముల కాంతిని ఆపుటచేతనే అది నీలముగా కనబడుచున్నది. పూత ఆపిన కాంతి రోడ్డుకు చేరదు. చూపునకు సొంపు, వాడుకకు నష్టము.

మూడవది హాలొజెను గూటిలో ఎల్.ఇ.డి. బల్బును దూర్చుట. ఎల్.ఇ.డి. దీపమునందు దోషము లేదు. దానికై చేసిన పరావర్తకముతో వచ్చినచో అది మిక్కిలి మంచిది. కాని తంతువు ఇచటనే యుండవలెనని లెక్కించి చేసిన దర్పణమున, వేఱు ఆకారము గల కాంతిస్థానమును పెట్టినచో కిరణములు దారి తప్పి చెదరును. నడుపువాడు తన ముందు తెల్లగా నున్నదని సంతోషించును, ఎదుటివాడు గ్రుడ్డివాడగును.

బల్బు మార్చుట తప్పదేని, అదే రకము, అవే వాట్లు గల మేలైన బల్బును కొని, దాని గాజును వ్రేళ్లతో ముట్టక బిగింపవలెను. చేతి జిడ్డు అంటిన చోట గాజు వేడికి చెడును. దీపపు అద్దమును, ముందరి అద్దమును లోపలను వెలుపలను తుడుచుట మాత్రము ఎల్లరును ఎల్లప్పుడును చేయదగిన పని.

క్రొత్తదియు ఖరీదైనదియునగు కారునకు ఈ పరీక్ష యెందుకని కొందఱనవచ్చును. అమెరికాలో బీమా కంపెనీలు నెలకొల్పిన రహదారి భద్రతా సంస్థ యొకటి 2016లో 31 మధ్యరకపు కార్ల దీపములను, అమ్మకమునకు వచ్చిన స్థితిలోనే, గుఱి సవరింపక పరీక్షించెను. ఉత్తమమని యెంచబడినది ఒక్క కారు మాత్రమే. ధర హెచ్చిన కొలదియు దీపము మెఱుగగునను నియమమును అచట కనబడలేదు.

ఆటస్థలమున పరీక్ష

కొలతలన్నియు ముగిసిన పిమ్మట, రాత్రి యేడు గంటలకు ఆటస్థలమున తుది పరీక్ష చేసితిమి. నేను నల్లని శాలువ కప్పుకొని ఒక కొసను నిలిచితిని. అన్నగారు రెండవ కొసనుండి అడుగులో అడుగుగా కారును నడపుచు, నేను కనబడిన వెంటనే ఆపిరి. విద్యార్థులు టేపుతో కొలువగా 48 మీటర్లుండెను. పిదప నేను తెల్లని కండువను కప్పుకొంటిని. ఈ మాఱు 71 మీటర్లనుండియే కనబడితిని.

దీనిలో రెండు నీతులు కలవు. మొదటిది కారు నడుపువారికి. వెలుగు 65 మీటర్లు పోయినను, నల్లని వస్తువు దానిలో అత్యల్ప భాగమునే మన కంటికి తిరిగి పంపును. కావున నమ్మదగిన చూపు 48 మీటర్లే. అది 60 కిలోమీటర్ల వేగమునకు సరిగా సరిపోవును గాని, మిగులు లేదు. వయస్సు ముదిరిన కన్నులకు ఇంకను తక్కువ; అఱువదేండ్లవాని కంటిలోనికి చేరు కాంతి, ఇరువదేండ్లవాని కంటిలోనికి చేరుదానిలో సుమారు మూడవ వంతు మాత్రమే. అందుచేత అన్నగారు దించిన దీపములతో 50 దాటనని నియమము పెట్టుకొనిరి.

రెండవ నీతి నడచువారికి, అనగా మన విద్యార్థులకు. మీలో పెక్కుమంది సాయంకాలపు చదువు ముగించుకొని రోడ్డు వెంబడి ఇండ్లకు పోవుచున్నారు. తెల్లని బట్ట యొకటి భుజముపై వేసికొనుడు. కాలిబాట లేనిచోట కుడి ప్రక్కను, ఎదుట వచ్చు బండ్లను చూచుచు నడువుడు. సైకిలు వెనుక ఎఱ్ఱని రిఫ్లెక్టరు లేకున్నచో తండ్రిగారి నడిగి పెట్టించుకొనుడు. ఎడ్లబండి గలవారు దాని వెనుక మెఱయు పట్టీ నంటింపుడు. దీపము గలవానికి బాధ్యత హెచ్చు. కాని దీపము లేనివాడును తనకు తాను కొంత మేలు చేసికొనవచ్చును.

దీపము గలవానికి రెండు ధర్మములు: తాను చూచుట, ఎదుటివాని చూపు చెఱుపకుండుట. మొదటిదానికై రెండవదానిని విడిచినచో అది వెలుగు కాదు. ఆ బాలుడు చేయి యడ్డము పెట్టుకొని “తప్పయిపోయిందండీ” అనిన మాట నేటికిని నా చెవిలో నున్నది. తప్పు మాది. 10 సెంటీమీటర్లుండవలసిన చోట 27 సెంటీమీటర్లుండెను. అది చూచుకొనకుండుటయే మా తప్పు.

అభ్యాసము

1. దీపపు టెత్తు 80 సెంటీమీటర్లు. 10 మీటర్ల దూరమున సరిహద్దు గీత 16 సెంటీమీటర్లు దిగియున్నది. వెలుగు నేలను తాకు దూరమెంత?

2. పై కారు గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నది. పాఠములో చెప్పిన నిలుపు దూరమును బట్టి అది క్షేమమో కాదో, నల్లబట్టల మనుష్యుడెదురైనచో నేమగునో కారణములతో వ్రాయుడు.

3. మీ యింటనో, ఇరుగుపొరుగునో గల మోటారు సైకిలు దీపమును పెద్దల సాయముతో గోడ యెదుట పరీక్షించి, చూచినదానిని పటముతో వ్రాసి తెండు.